కల్వం మీద రెండో చెయ్యి

నేను ఒక కల్వాన్ని. ఆయుర్వేద మందులు నూరే నల్లరాతి పాత్రని. చూడటానికి చిన్న పడవలా ఉంటాను. రెండు కొసలూ సన్నం, నడుమ లోతు. నాతోపాటు అదే రాతిలోంచి చెక్కిన పొత్రం ఒకటి ఎప్పుడూ నా ఒళ్ళోనే ఉంటుంది. మా ఇద్దరినీ పల్నాడు వైపు వీరాచారి అనే శిల్పి చేశాడు. దేవతా విగ్రహాలు చెక్కే మనిషి. నన్ను మాత్రం ఎందుకో విగ్రహం కంటే ఎక్కువ శ్రద్ధగా చెక్కాడు. పని పూర్తయ్యాక కూడా వెంటనే అమ్మలేదు. నాలో బియ్యం నూరి ఆ పిండి నాలిక మీద వేసుకునేవాడు. ఇసుక తగిలితే ఉమ్మేసి మళ్ళీ నూరేవాడు. "దేవుడి ముక్కు కాస్త వంకరైతే భక్తులు సర్దుకుంటారు. మందులో రాయి కలిస్తే కడుపు సర్దుకోదు" అనేవాడు పక్కనున్న వాళ్ళతో.

నన్ను కొనుక్కున్నది గోకవరంలో వైద్యం చేసే ఆచంట భీమశంకరం గారు. మన్యం కొండలకి దిగువన ఉన్న ఊరది. వేర్లూ బెరళ్ళూ అక్కడి సంతకి బాగా వచ్చేవి. భీమశంకరం గారు ఏ మూలికనైనా ముందు విరిచి చూసేవారు. తర్వాత వాసన. తర్వాత ఎండలో పట్టుకుని రంగు. ఆ మూడూ కుదిరితేనే నాలో వేసేవారు. కొడుకు కూతురు వాసంతి చిన్నప్పుడు ఆయన పక్కన పీట వేసుకుని కూర్చుని, ఆయన విరిచిన ప్రతి వేరునీ తనూ ముక్కు దగ్గర పెట్టుకునేది.

మనుషుల్ని గురించి నాకు తెలిసిందంతా ఆయన వైద్యం చేసే వీధి గదిలోనే తెలిసింది. మందు కావాలంటారు, పథ్యం వద్దంటారు. జబ్బు రావడానికి ఏళ్ళు తీసుకుంటారు, పోవడానికి మాత్రం ఎల్లుండి దాకా కూడా ఆగలేరు. ఒకాయన లేహ్యం పొట్లం పుచ్చుకుని గుమ్మం దాటబోతూ ఆగి అడిగాడు.

"అయ్యగారూ, రోజుకి ఉసిరికాయంత అన్నారు కదండీ. అరచేతి నిండా తింటే తొందరగా తగ్గుతుందాండీ?"

"రేపటి అన్నం కూడా ఇవాళే తినేస్తే రేపు ఆకలి వెయ్యకుండా ఉంటుందా?" అన్నారు భీమశంకరం గారు తలెత్తకుండానే.

ఆయన నిండు వయసు బతికి, పెద్దగా బాధపడకుండా పోయారు. అప్పటికి వాసంతి ఆయుర్వేదంలో డిగ్రీ తీసుకుని రాజమండ్రిలో ఆసుపత్రి పెట్టుకుంది. ఆమె రాసే మందులు మూత మీద సీలుతో, గడువు తేదీతో సీసాల్లో వచ్చేవి. నాతో పనిలేదు. వీధి గదినీ దాని వెనక రెండు గదులనీ ఇద్దరు అక్కచెల్లెళ్ళకి అద్దెకి ఇచ్చింది. నన్ను కదపాలంటే ఇద్దరు మనుషులు కావాలి కాబట్టి, "ఇది ఇక్కడే ఉండనివ్వండి పిన్నిగారూ, అడ్డం అనుకోకండి" అని చెప్పి వెళ్ళిపోయింది.

అక్క పేరు హైమావతి. చిన్నతనంలోనే భర్త పోయాడు. చెల్లెలు మాణిక్యం అసలు పెళ్ళే వద్దనుకుంది. ఇద్దరూ జాకెట్లు కుట్టేవారు. వీధి గదిలో రెండు కుట్టుమిషన్లు ఎదురెదురుగా వేసుకున్నారు. నాలో హుక్కులూ గుండీలూ మార్కింగు సుద్దముక్కలూ పోశారు. వైద్యుడి చేతి కింద బతికిన రాయికి అదొక రకం పదవీ విరమణ. నాకేమీ బాధనిపించలేదు. వాళ్ళిద్దరూ కబుర్లు చెప్పుకుంటూ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎడతెరిపి లేకుండా కుట్టేవారు. ఒక మిషన్ ఆగితే రెండోది అందుకునేది. ఆ చప్పుడుకి నేను బాగా అలవాటు పడ్డాను.

ఒక వానాకాలం మాణిక్యానికి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి ఆలస్యమైంది. ఆ తర్వాత హైమావతి చెల్లెలి మిషన్ మీద పాత దుప్పటి కప్పింది. తన మిషన్ మీద తను కుట్టుకుంటూ, అలవాటుగా ఏదో ఒక మాట అని, బదులు కోసం ఆగేది. ఆ ఆగడం వినడం నాకే కష్టంగా ఉండేది.

నిద్ర పట్టడం మానేసింది. మనిషి సగమైంది. పక్కింటి పాపాయమ్మ పోరు పెట్టగా ఒకరోజు రాజమండ్రి వెళ్ళి వాసంతికి చూపించుకుంది. ఆ తర్వాతి ఆదివారం వాసంతే మందు పట్టుకుని వచ్చింది. నా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఇది పెన్నేరుగడ్డ చూర్ణం, పిన్నిగారూ. అశ్వగంధ అంటారు చూడండి, అదే. రాత్రి అన్నం తిన్నాక అర చెంచా, గోరువెచ్చని పాలల్లో. బీపీ మాత్ర వేసుకుంటున్నారు కదా?"

"పొద్దున్నే వేసుకుంటానమ్మా."

"అది మానకండి. థైరాయిడ్‌కి గానీ, నిద్రకి గానీ ఇంకేమైనా వాడుతున్నారా? లేదు కదా. మంచిది. మూలికే కదా, ఏం చేస్తుందిలే అనుకోకండి. పనిచేసేది ఏదైనా ఎక్కువైతే ఎదురు తిరుగుతుంది. నోరెండినా, గుండె దడగా ఉన్నా, కడుపులో తేడా చేసినా ఆపేసి నాకు ఫోన్ చెయ్యండి. సీసా అయిపోయేలోపు ఒకసారి కనబడండి. చూసి, అవసరమైతేనే మళ్ళీ ఇస్తాను."

హైమావతి బుద్ధిగా తలూపింది. చెప్పినట్టే చేసింది కూడా. రోజూ అన్నం తిన్నాక పాలు కాచుకుని, చెంచాలో సగానికి గీత గీసినట్టు కొలిచి, కలుపుకుని తాగేది. కొద్ది రోజులకి నిద్ర పట్టడం మొదలైంది. మొహం తేటపడింది. ఒకరోజు కుడుతూ కుడుతూ కూనిరాగం కూడా తీసింది. కథ ఇక్కడితో ఆగిపోయి ఉంటే నేను మీకు చెప్పడానికేమీ ఉండేది కాదు.

సీసా అయిపోయింది. పెళ్ళిళ్ళ రోజులు. కుట్టాల్సిన జాకెట్లు గుట్టలుగా ఉన్నాయి. రాజమండ్రి వెళ్ళి రావాలంటే ఒక పూట పోతుంది. వెళ్తాను వెళ్తాను అనుకుంటూనే, సంతలో ఎవరో కొత్తవాడు గోనెపట్టా మీద ఎండు వేర్లు పోసి "పెన్నేరు, పెన్నేరు" అని అరుస్తుంటే కొనుక్కొచ్చింది.

"అదే వేరు, అక్కా. డబ్బాలో పొడి ఎన్నాళ్ళ నాటిదో ఏంటో. ఇదైతే మన కళ్ళెదురుగా నూరుకోవచ్చు" అంది పాపాయమ్మతో.

హుక్కులూ గుండీలూ ఒక బిస్కెట్ల డబ్బాలోకి వంపేసి, నన్ను శుభ్రంగా కడిగి తుడిచింది. ఎన్నో ఏళ్ళ తర్వాత నాలో మూలిక పడబోతోంది. నాకు సంతోషంగానే అనిపించింది, మొదటి గుప్పెడు వేసేదాకా.

వాటిలో కొన్ని పెన్నేర్లే. పొత్రం తగలగానే పుటుక్కున విరిగి, తెల్లగా పిండి రాల్చాయి. మిగతావి విరగలేదు. నార సాగినట్టు సాగి, చెక్కపేళ్ళలా చీలాయి. వాటిలో చేదుగా ఒక చల్లదనం ఉంది. పెన్నేరుకి ఉండాల్సిన గుర్రపు వాసన లేదు. ఉమ్మెత్త వేరు. తవ్వినవాడు తెలియక కలిపాడో, ఎండబెట్టిన చోట కలిసిపోయాయో నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా నా మీద ఏమి నలుగుతోందన్నదే. భీమశంకరం గారి వేళ్ళైతే మొదటి ముక్క దగ్గరే ఆగిపోయేవి. హైమావతి వేళ్ళకి గుడ్డ తెలుసు, దారం తెలుసు, వేరు తెలియదు. ఆమె శ్రద్ధగా నూరింది. నూరి, పల్చటి గుడ్డలో జల్లించి, సీసాలో పోసుకుంది. రాత్రిపూట తాగడం మర్చిపోతున్నానని పొద్దుటి పూటకి మార్చుకుంది.

మొదట దాహం. కుడుతూ కుడుతూ లేచి చెంబుడు నీళ్ళు తాగి వచ్చేది, వెంటనే మళ్ళీ లేచేది. తర్వాత వెలుతురు పడలేదు. మిట్టమధ్యాహ్నం వీధి తలుపు ఓరగా మూసి, కళ్ళు చిట్లించుకుని కూర్చునేది. చెంపలు ఎర్రగా కందినట్టు ఉండేవి. "రంగు వచ్చావే హైమా!" అని పాపాయమ్మ మెచ్చుకుంది. మెచ్చుకుంటే హైమావతి మురిసింది. మందు బాగా పడుతోందనుకుంది.

ఆ తర్వాత ఒక పొద్దున్న, పాలగ్లాసు కింద పెట్టిన కాసేపటికి, హైమావతి కుట్టడం ఆపి దుప్పటి కప్పిన మిషన్ వైపు చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత చాలా మామూలుగా, తెల్లవారినప్పటి నుంచి మాట్లాడుతున్న మనిషితో అన్నట్టు అంది:

"ఆ చంక కాస్త వదులు పెట్టవే. సూరమ్మ గారు లావయ్యారు."

ఆగింది. నవ్వింది. "అంత కాదులే" అంది.

గదిలో ఎవరూ లేరు. బయట ఎండ. సైకిల్ మీద ఎవడో గోంగూర అమ్ముకుంటూ పోతున్నాడు. హైమావతి లేచి వెళ్ళి, చెల్లెలి మిషన్ మీద దుప్పటి తీసి మడతపెట్టి, స్టూలు దగ్గరికి జరిపింది. కూర్చునే మనిషికి వీలుగా జరిపినట్టు జరిపింది.

అప్పటినుంచి రోజూ అదే. పాలు తాగిన కాసేపటికి మాణిక్యం వచ్చేది, మధ్యాహ్నం దాటాక వెళ్ళిపోయేది. నాకు వినబడేది ఒకవైపు మాటలే. "భోంచేశావా?" అనేది హైమావతి. ఆగేది. "ఎక్కడ?" అనేది. మళ్ళీ ఆగేది. మొహంలో ఒక నీడ పోయేది. "సరేలే, ఇప్పుడవన్నీ ఎందుకు" అని మాట మార్చేది. మనిషి ఆనందంగానే ఉంది. నాకదే భయం వేసింది. ఒకనాడు పనుల మీద ఊళ్ళో తిరగడం వల్ల పాలు తాగడం కుదరలేదు. ఆ రోజు మాణిక్యం రాలేదు. హైమావతి వట్టి స్టూలు వైపు చూసింది, సీసా వైపు చూసింది. అర్థం చేసుకుంది. మర్నాటి నుంచి చెంచా నిండా వేసుకుంది.

ఇప్పుడు చెప్పబోయేది మీరు నమ్మకపోయినా నేనేమీ అనుకోను. పక్షం రోజులో, ఇంకాస్త ఎక్కువో గడిచాక, హైమావతి నూరుతున్నప్పుడు పొత్రం బరువు మారింది. ఆమె చెయ్యి నాకు బాగా తెలుసు. ముసలితనం మొదలైన చెయ్యి, మణికట్టు దగ్గర కాస్త వణుకు. ఆ చెయ్యి మీద ఇంకొక చెయ్యి పడినట్టు బరువు దిగింది. వణుకు లేదు. తొందర ఉంది. పొత్రం ముందుకి వెళ్ళినప్పుడు హైమావతి తోస్తోంది, వెనక్కి వచ్చేటప్పుడు ఎవరో లాగుతున్నారు. ఆ రోజే మొదటిసారి రెండో గొంతు కూడా వినబడింది. మాట తెలియలేదు. గుడ్డ చింపినప్పుడు వచ్చే సన్నటి చప్పుడులాగా ఉంది.

ఆ వేర్లు హైమావతి కడుపులోకి వెళ్ళినంత నా ఒంట్లోకీ వెళ్ళింది. ఆవిడ పాలల్లో తాగింది, నేను పొడిగా తాగాను. అంతే తేడా. కాబట్టి నేను విన్నదానికి నేను పూచీ పడలేను. విన్నాను, అంత మాత్రం నిజం.

ఆ గొంతు ఏమంటోందో హైమావతి బదుళ్ళని బట్టి తెలిసేది.

"ఎందుకు? వాళ్ళు బేరాలే కదే. తలుపు తియ్యకపోతే ఎలా?"

తలుపు తియ్యడం మానేసింది. ఇవ్వాల్సిన జాకెట్లు అలాగే ఉండిపోయాయి. బట్టలిచ్చినవాళ్ళు వచ్చి తలుపు కొట్టి, తిట్టుకుంటూ వెళ్ళిపోయేవారు.

"ఇంకొంచెమా? ఇవాళ్టికి ఇది చాలదా?"

మర్నాడు ఎక్కువ నూరింది.

"ఎక్కడికి? దూరమా? నడవగలనా?"

ఆ ప్రశ్నకి ఏ బదులు వచ్చిందో కానీ, హైమావతి లేచి పెట్టెలోంచి మంచి చీర ఒకటి తీసి, మడత విప్పకుండా మిషన్ మీద పెట్టుకుంది. "అయితే రేపే వెళ్దాం" అంది. మిగిలిన వేర్లలో సగం నాలో గుమ్మరించింది. అంత మోతాదు నేను ఎన్నడూ మోయలేదు. రెండు చేతులూ కలిసి నూరాయి. ఆమె అలిసి ఆగినా పొత్రం వెంటనే ఆగలేదు. ఒక్క అరక్షణం. మీ కంటికైతే అందదు.

మర్నాడు పొద్దున్నే పాపాయమ్మ దొడ్డిదారిన వచ్చింది. వచ్చి, వంటింటి గుమ్మం దగ్గరే కొయ్యబారిపోయింది. హైమావతి మంచి చీర కట్టుకుని, స్టూలుకి ఎదురుగా కూర్చుని ఉంది. పాలగ్లాసు అప్పటికే ఖాళీ. రెండు చేతులూ ఛాతీ ఎత్తున పెట్టి, ఎడమ చేతి వేళ్ళ మధ్య లేని సూదిని పట్టుకుని, కుడి చేత్తో లేని దారాన్ని తడిచేసి, దూరుస్తోంది. దూరడం లేదు. మళ్ళీ దూరుస్తోంది.

"హైమా! ఏంటమ్మా అది?"

హైమావతి తిరిగి చూడలేదు. పాపాయమ్మ ఫోన్ తీసి వాసంతికి చేసింది. "అమ్మా, మీ పిన్నిగారు మతిలో లేదమ్మా. గాల్లో దారం ఎక్కిస్తోంది. ఎవరితోనో మాట్లాడుతోంది. మీరు తొందరగా రండి."

వాసంతి ఆ ఫోన్లోనే అంబులెన్సుకి చెప్పమని పాపాయమ్మకి చెప్పి, తను కారు తీసుకుని దానికంటే ముందే వచ్చింది. గదిలోకి అడుగు పెట్టగానే హైమావతి చెయ్యి అడ్డం పెట్టింది.

"చూసుకు రామ్మా. మాణిక్యం కాళ్ళు చాపుకుని కూర్చుంది, తొక్కేస్తావు."

వాసంతి ఎంత చదువుకున్న మనిషైనా, ఆ మాట వినగానే స్టూలుకి దూరంగా జరిగి, గోడ పక్కనుంచి వచ్చింది. వచ్చాక తనకే అర్థమై ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాత ఇక ఆగలేదు. హైమావతి గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. కనుపాపలు కంటి నిండా నల్లగా పరుచుకుని ఉన్నాయి. పెదాలు బీటలు వారి ఉన్నాయి. ఒళ్ళు కాలిపోతోంది, చెమట చుక్క లేదు. నాడి మీద వేళ్ళు పెట్టి పెదవి కొరుక్కుంది.

"పిన్నిగారూ, ఏం వేసుకున్నారు?"

"నువ్విచ్చిందేనమ్మా. పెన్నేరు."

"నేనిచ్చింది ఎప్పుడో అయిపోయి ఉండాలి. ఇది ఏది?"

పాపాయమ్మ నావైపు చూపించింది. వాసంతి నా పక్కన కూలబడింది. నూరగా మిగిలిన ఒక ముక్క తీసి విరిచింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. కిటికీ ఎండలో పట్టుకుంది. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ మూడూ మళ్ళీ చూశాను. తాతగారి లాగానే కళ్ళు సగం మూసుకుని చూసింది. నాలిక మీద మాత్రం పెట్టుకోలేదు.

"గుర్రం వాసన లేదు" అంది, ఎవరితో కాదు. "ఇది ఉమ్మెత్త. దేవుడా, ఎన్నాళ్ళ నుంచి?"

వేర్లు కొన్నీ నాలోని పొడీ ఒక కవర్లో కట్టుకుంది. అంబులెన్సు వచ్చింది. హైమావతి కదలనంది. "మేమిద్దరం వెళ్తున్నాం. నాకు దారి తెలీదు, మాణిక్యానికే తెలుసు" అని ఏడ్చింది. వాసంతి ఆమెని పసిపిల్లలా పొదివి పట్టుకుని, "మాణిక్యం పిన్ని కూడా వస్తుందిలెండి, ముందు మీరు ఎక్కండి" అని బుజ్జగించి ఎక్కించింది. పెద్దాసుపత్రిలో డాక్టర్లకి వేరు ముక్కలు చూపించి, ఇదీ సంగతి అని చెప్పడం వల్ల వాళ్ళు వెతుక్కోవాల్సిన పని లేకపోయిందట. ఇంకొక్క పూట ఆలస్యమైతే గుండె తట్టుకునేది కాదన్నారట. ఇవన్నీ తర్వాత పాపాయమ్మ చెప్పగా విన్నాను.

వాళ్ళు వెళ్ళాక గది తాళం వేసి ఉంది. పగలంతా ఎండ కిటికీ చువ్వల్లోంచి నేల మీద పడి, జరిగి, పోయేది. మాణిక్యం మిషన్ చక్రం ఒక్కోసారి గాలికి కదిలినట్టు కదిలేది. కిటికీ తలుపు మూసే ఉంది మరి. ఆ సంగతి కూడా నా పూచీ మీద చెప్పను.

హైమావతి నీరసంగా, బతికి, ఇంటికి వచ్చింది. కళ్ళు మళ్ళీ మామూలు కళ్ళయ్యాయి. సంతలో ఆ వేర్లమ్మిన వాడి కోసం వాసంతి మనుషుల్ని పంపితే దొరకలేదు. మిగిలిన వేర్లన్నీ అడిగి తీసుకుని తగలబెట్టించింది. కానీ బియ్యం డబ్బాలో చిన్న మూట ఒకటి ఉండిపోయింది. అది హైమావతికి తెలుసు, నాకు తెలుసు.

కొన్నాళ్ళు ఆమె దాని జోలికి పోలేదు. రెండు మిషన్ల మధ్యా అటూ ఇటూ తిరిగేది. స్టూలు మీద చెయ్యి వేసి నిలబడేది. "ఏమే" అనేది. ఆగేది. ఇప్పుడు నిజంగానే ఏ బదులూ రావడం లేదు ఆమెకి. ఒక మధ్యాహ్నం, వీధిలో ఎవరూ లేని వేళ, బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి మూట తీసింది. నా ముందు పీట వేసుకుని కూర్చుంది. మూట విప్పి వేర్లు నాలో పోసింది.

మీరు ఎప్పుడైనా అరవాలనుకుని నోరు లేక ఉండిపోయారా? నాకది మామూలే. కానీ అంతగా ఎప్పుడూ అనుకోలేదు.

పొత్రం మీద చెయ్యి వేసింది. వేసిన వెంటనే రెండో చెయ్యి కూడా దిగింది. ఆమెకి తెలియదు, నాకే తెలిసింది. ఆత్రంగా, తొందరగా. పొత్రం ఒక వెంట్రుకవాసి ముందుకి జరిగింది కూడా. అప్పుడు హైమావతి పొత్రం మీదున్న తన కుడి చేతి వైపు చూసుకుంది. చూస్తూ చూస్తూ ఉండిపోయింది. పొత్రం వదిలేసి, పీట మీంచి లేచి, దొడ్డి గుమ్మంలోకి పరుగెత్తినట్టు వెళ్ళి, "పాపాయమ్మక్కా!" అని కేకేసింది.

వాసంతి సాయంత్రానికి వచ్చింది. హైమావతి ఆమె చేతులు పట్టుకుని వదల్లేదు.

"మాణిక్యం ఎడమచేతి వాటం, అమ్మా. అన్నం తప్ప అన్నీ ఎడమ చేత్తోనే. కత్తెర కూడా ఎడమచేతి కత్తెర తెప్పించుకుంది."

నిజమే. హుక్కుల కోసం నాలోకి వచ్చిన మాణిక్యం చెయ్యి ఎప్పుడూ ఎడమ చెయ్యే.

"అవును పిన్నిగారూ, గుర్తుంది."

"వచ్చినావిడ కుడిచేత్తో దారం ఎక్కించేది. రోజూ. నేను ఎదురుగా కూర్చుని చూస్తూనే ఉన్నాను, అప్పుడు నాకు తట్టనేలేదు."

వాసంతి మెల్లగా అంది: "అది ఉమ్మెత్త పని, పిన్నిగారూ. లేనివి చూపిస్తుంది. మీ మనసులో ఉన్నదాన్నే మీ ముందు కూర్చోబెట్టింది."

"నా మనసైతే మాణిక్యం ఏ చేత్తో కుడుతుందో నా మనసుకి తెలీదా?"

బయట పాలవాడి గంట మోగింది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

ఆ వేర్లు వాసంతి చేత్తో ముట్టుకోకుండా కాగితంతో తీసింది. నన్ను మరిగే నీళ్ళతో కడిగించింది. నాలో బియ్యం నూరించి పారబోయించింది, మళ్ళీ నూరించింది. చివరికి తల అడ్డంగా ఊపింది. "రాయి తాగేస్తుంది. తాతగారు విషమూలికలకి వేరే కల్వం పెట్టుకునేది అందుకే. దీంట్లో ఇక ఎవరికీ ఏమీ నూరకూడదు. కనీసం పచ్చడి కూడా" అంది. పగలగొట్టించడానికి మనసొప్పలేదు. తను చదువుకున్న ఆయుర్వేద కళాశాలలో పాత పరికరాలు పెట్టే గది ఒకటుంది. అక్కడ పొత్రంతో సహా గాజు పెట్టెలో పెట్టించి తాళం వేయించింది. 'పాతకాలపు కల్వం, వాడరాదు' అని చీటీ అంటించారు. నా జీవితమంతా ఆ మూడు మాటల్లోనే సరిపెట్టారు.

హైమావతి కోలుకుంది. కొన్ని నెలలు ఏ మూలికా ముట్టనని మొండికేసింది. వాసంతి బలవంతం చెయ్యలేదు. తర్వాత తనే అడిగితే సీలున్న సీసా ఇచ్చింది. మళ్ళీ అదే అర చెంచా, అదే గోరువెచ్చని పాలు. ఈసారి సీసా సగానికి రాకముందే రాజమండ్రి బస్సెక్కి వెళ్ళి చూపించుకుంటోందట. నాడి చూసి, బీపీ చూసి, "ఇక కొన్నాళ్ళు ఆపుదాం" అని వాసంతి అంటే ఆపేస్తోందట. నిద్ర పడుతోందట. చెల్లెలి మిషన్ కుట్టు నేర్చుకునే ఒక అమ్మాయికి ఇచ్చేసింది. ఈ కబుర్లు వాసంతి ఇక్కడికి పాఠం చెప్పడానికి వచ్చినప్పుడు పిల్లలకి చెబుతుంటే విన్నాను. పేరు చెప్పకుండా, "ఒకావిడ ఉండేవారు" అని మొదలుపెడుతుంది. చేతి సంగతి మాత్రం చెప్పదు.

మొన్న హైమావతే వచ్చింది. వాసంతి పక్కనుంది. నా గాజుపెట్టె ముందు చాలాసేపు నిలబడింది. ఒళ్ళు చేసింది, జుట్టు పూర్తిగా తెల్లబడింది.

"దీన్ని ఎవరూ ముట్టుకోరు కదమ్మా?"

"తాళం నా దగ్గరే ఉంది పిన్నిగారూ."

వాసంతిని ఎవరో పిలిస్తే అటు వెళ్ళింది. హైమావతి గాజుకి దగ్గరగా వంగింది. ఆమె ఊపిరి గాజు మీద ఆవిరిలా పడింది. చాలా నెమ్మదిగా, కోపం లేకుండా, భయం కూడా లేకుండా, ఇంటికి వచ్చిన కొత్త మనిషిని అడిగినట్టు అడిగింది:

"ఎవరమ్మా నువ్వు?"

చెవి పెట్టి విన్నది. గది నిశ్శబ్దంగా ఉంది. గోడ అవతల పిల్లలు శ్లోకాలు వల్లె వేస్తున్నారు. ఆమెకి ఏమీ వినబడలేదు. ఒంట్లో ఆ వేరు ఆనవాలు లేదు కాబట్టి వినబడదు. మనుషుల రక్తం మంచిది, కొన్నాళ్ళకి కడుక్కుంటుంది. హైమావతి నిటారుగా నిలబడి, చీర చెంగుతో గాజు మీది ఆవిరి తుడిచి, తేలికపడిన మొహంతో వాసంతి వెళ్ళిన వైపు నడిచింది.

ఆమె గుమ్మం దాటాక పొత్రం మీద ఆ రెండో చేతి బరువు దిగింది. ఆమె అడిగినదానికి బదులు వచ్చింది. ఒక పేరు. నేను ఇంతకుముందెప్పుడూ విననిది.